పోచారంలో ఫ్లాట్: ఆదివారం చూస్తే అంతా బాగానే ఉంది, మరి మిగతా ఆరు రోజులు?

జనగామ_శ్రీను
హైదరాబాద్ తూర్పున, వరంగల్ రోడ్డులో, పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌కి కాస్త ఇవతల, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఒక ప్రాజెక్టు చూశాం. త్రీ బీహెచ్‌కే, 1,450 చదరపు అడుగులు, అడుగు 4,900. పార్కింగ్, క్లబ్‌హౌస్ అన్నీ కలిపి 75 లక్షలకి తెగుతుందంటున్నారు. ఏడాదిలో తాళాలిస్తారట. ఇప్పుడు హబ్సిగూడలో 24 వేల అద్దెకి ఉంటున్నాం. నా ఆఫీసు రాయదుర్గం, వారానికి మూడు రోజులు వెళ్లాలి. మా ఆవిడ ఉప్పల్‌లో టీచర్. బాబు రెండో క్లాసు. అమ్మానాన్న జనగామలో ఉన్నారు, రేపోమాపో వాళ్లూ మా దగ్గరికే వస్తారు.

ఇదే డబ్బుకి మియాపూర్, బాచుపల్లి వైపు అడిగితే టూ బీహెచ్‌కే చూపిస్తున్నారు, అదీ సందులో. పోచారం చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఆదివారమే అయింది. రోడ్డు ఖాళీ, గాలి బాగుంది, బ్రోకరు కూడా మర్యాదగా మాట్లాడాడు. అందుకే అనుమానంగా ఉంది. అక్కడ రోజూ బతికేవాళ్లు చెప్పండి. నీళ్లు, రోడ్డు, దోమలు, ఆస్పత్రి, ఏదైనా.

పాత_ఉప్పల్
బ్రోకరు మర్యాదగా ఉన్నాడంటే నువ్వింకా అడ్వాన్స్ ఇయ్యలేదన్నట్టు.

నారపల్లి_రవి
మిగతావన్నీ తర్వాత, ముందు రోడ్డు సంగతి వినండి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్. 2018లో పని మొదలుపెట్టారు. అప్పుడు మా అమ్మాయి ఎల్‌కేజీ, ఇప్పుడు ఆరో క్లాసు. పని ఇంకా సాగుతూనే ఉంది. దాని కిందే బోడుప్పల్, మేడిపల్లి ట్రాఫిక్ అంతా నడవాలి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం గుంతలు. ఏది మేలంటే దుమ్మే మేలు, కనీసం గుంత ఎక్కడుందో కనపడుతుంది.

పొద్దున మీరు సిటీలోకి వస్తుంటే ఇంజినీరింగ్ కాలేజీల పసుపు బస్సులు ఎదురుగా ఘట్‌కేసర్ వైపు వస్తుంటాయి. సాయంత్రం అదే సీను తిరగబడుతుంది. అన్నోజిగూడ దాటితే రోడ్డు బాగుంటుంది, కాదనను. కానీ మీ ఇంటి నుంచి ఉప్పల్ మెట్రో దాకా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఉంటే, అందులో ఏడ్పించేది ఆ చివరి ఆరు కిలోమీటర్లే. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఒకసారి నడిపి చూసి అప్పుడు మాట్లాడండి.

మియాపూర్_మావ
తూర్పు గురించి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నా, “రేపు పెరుగుతుంది”. ఇన్ఫోసిస్ వచ్చినప్పుడు అన్నారు. 2020లో ఐటీని నాలుగు దిక్కులకీ పంచుతామని గ్రిడ్ పాలసీ తెచ్చినప్పుడు అన్నారు. పెరిగింది ఎక్కడయ్యా అంటే కోకాపేటలో. మీ ఆఫీసు రాయదుర్గంలో పెట్టుకుని పోచారంలో ఇల్లేంటి బాబూ? ఊరికి ఈ చివరొకటి, ఆ చివరొకటి.

పోచారం_గీత
@మియాపూర్_మావ పెరగకపోతే మాకేం నష్టం? మేమిక్కడ అమ్ముకోడానికి కొనలేదు, ఉండడానికి కొన్నాం. ఆరేళ్లుగా ఉంటున్నాను. బాల్కనీలో నిలబడితే ఎదుటి బాల్కనీలో ఏం కూర వండారో తెలియని ఇల్లు మీ వైపు నా బడ్జెట్‌లో దొరకలేదు. మా ఆయనది ఇన్ఫోసిస్ కాబట్టి పది నిమిషాల్లో ఆఫీసు. అదే ఆయనది కూడా రాయదుర్గమే అయ్యుంటే నేనూ వేరేగా మాట్లాడేదాన్నేమో.

పాత_ఉప్పల్
ఎదుటోళ్ల కూర తెలవకపోతే మన దగ్గర ఏం వండాల్నో ఎట్ల తెలుస్తది అక్కా.

రాయదుర్గం_రోజూ
నేను చెంగిచర్ల నుంచి రాయదుర్గం వెళ్తాను, అంటే మీకంటే దగ్గరే. మెట్రోలో మంచి సంగతేంటంటే నాగోల్–రాయదుర్గం ఒకటే లైను, అమీర్‌పేటలో దిగి మారే పని లేదు. ఉప్పల్‌లో కూర్చుంటే గంటలోపు రాయదుర్గం. “కూర్చుంటే” అన్నది మాత్రం గమనించాలి. ఆఫీసు వేళ సీటు కావాలంటే నాగోల్‌కి వెనక్కెళ్లి ఎక్కేవాళ్లున్నారు. 2025 మేలో ఛార్జీలు పెరిగాక ఆ చివర నుంచి ఈ చివరకి 69 రూపాయలు. బండి పార్కింగ్ వేరే.

ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా మీకు రెండు గంటలు వేసుకోండి. వారానికి మూడు రోజులే కాబట్టి బతికిపోవచ్చు. కానీ ఆ మూడు రోజులు ఐదు రోజులవ్వవని మీ హెచ్‌ఆర్ కాగితం మీద రాసిస్తుందా?

వెంచర్_విజయ్
సార్ మీరు చూసిన ఏరియా ఫ్యూచర్‌లో టాప్. మెట్రో ఘట్‌కేసర్ వరకు కన్ఫర్మ్. ఇప్పుడు తీసుకోకపోతే నెక్స్ట్ ఇయర్ 6,500 అవుతుంది. డీటెయిల్స్ కావాలంటే మెసేజ్ చేయండి.

రాయదుర్గం_రోజూ
@వెంచర్_విజయ్ ఎవరు కన్ఫర్మ్ చేశారు బ్రో? 2023లో అప్పటి ప్రభుత్వం ఉప్పల్ నుంచి బీబీనగర్ దాకా ఒక లైను వేస్తామంది, నిజమే. తర్వాత ప్రభుత్వం మారి రెండో దశ జాబితా మళ్లీ తయారైంది. అందులో పటాన్‌చెరు ఉంది, హయత్‌నగర్ ఉంది, ఎయిర్‌పోర్టు ఉంది, మేడ్చల్, శామీర్‌పేట కూడా ఉన్నాయి. ఘట్‌కేసర్ ఎక్కడుందో చూపించు.

పాత_ఉప్పల్
విజయ్ అన్న బ్రోచర్‌ల ఉంటది. చెట్ల పక్కన, స్విమ్మింగ్ పూల్ మీదికెల్లి మెట్రో పోతుంటది.

లెక్కల_మాష్టారు
రోడ్ల సంగతి తేలేలోపు నా పని నేను చేస్తాను. 75 అన్నది 75 కాదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే 3 లక్షల 75 వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, పూర్తి విలువకి చేయిస్తే ఇంకో 5 లక్షల 60 వేల పైన. అంటే 84 దాటింది. ఇంకా ఒక్క అలమరా కూడా కొట్టించలేదు. వుడ్‌వర్కు, ఫ్యాన్లు, గ్రిల్స్, గృహప్రవేశం భోజనాలు మీరే వేసుకోండి.

60 లక్షలు లోను, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు అనుకుంటే నెలకి 52 వేలు. మెయింటెనెన్స్ అడుగుకి మూడు రూపాయలైతే 4,350. ఇప్పుడు మీరిచ్చే అద్దె 24 వేలు. ఆ తేడా మీ ఇద్దరి జీతాల్లో హాయిగా సర్దుకుంటుందా, బిగుసుకుంటుందా అన్నది మీకే తెలియాలి. ఏడాది పాటు అద్దె, కిస్తీ రెండూ కట్టాల్సి వస్తుందని కూడా మర్చిపోకండి. తాళాలు ఆలస్యమైతే ఆ ఏడాది పొడుగవుతుంది.

ఇంకోటి, విలువ 50 లక్షలు దాటితే బిల్డర్‌కిచ్చే దాంట్లోంచి ఒక శాతం టీడీఎస్ (పన్ను) మీరే మినహాయించుకుని ప్రభుత్వానికి కట్టాలి. బిల్డర్‌కి మొత్తం ఇచ్చేసి తర్వాత నెత్తి కొట్టుకుంటారు చాలామంది.

జనగామ_శ్రీను
మాష్టారూ, 84 అన్న అంకె మా ఆవిడకి చూపించాను. టీ చల్లారిపోయింది. 1,450లో లోపల ఎంత వస్తుందంటారు? అడిగితే “సార్ స్పేషియస్‌గా ఉంటుంది” అంటున్నారు.

లెక్కల_మాష్టారు
స్పేషియస్ అనేది కొలత కాదు. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల మీద ఉన్న చట్టం) ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు, రాసి ఇవ్వాలి. మామూలుగా మీరు చెప్పిన 1,450కి లోపల వెయ్యి, వెయ్యిన్ని యాభై మధ్యలో తేలుతుంది. మిగతాది లిఫ్టు, మెట్లు, కారిడారు. మీరు కొంటున్నది వెయ్యి అడుగుల ఇల్లు అనుకుని ధర మళ్లీ చూసుకోండి.

కోర్టు_పక్షి
కాగితాల గురించి ఎవరూ అడగట్లేదు, అందరూ మెట్రో దగ్గరే ఆగిపోయారు. తెలంగాణ రెరా సైట్లో ప్రాజెక్టు నంబరు కొట్టి చూడండి, ఎన్ని అంతస్తులకి అనుమతి, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు, అన్నీ ఉంటాయి. నంబరు రాకముందే “ప్రీలాంచ్ ఆఫర్” అని డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. హెచ్‌ఎండీఏ అనుమతిచ్చిన ప్లాన్ కాపీ అడిగి, సైటు మీద లేచిన అంతస్తులు మీరే లెక్కపెట్టండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించండి, బ్యాంకు లోను ఇచ్చింది కదా అని వదిలేయొద్దు.

దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే గీత) ఎక్కడి దాకా ఉందో మ్యాపులో చూడాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా పెట్టాక ఏం జరుగుతోందో టీవీలో చూస్తున్నారుగా. “లేక్ వ్యూ” అని ఎవరన్నా అంటే నేనిప్పుడు ముందు అడిగేది వ్యూ గురించి కాదు, సర్వే నంబరు.

బోరుబావి
నీళ్ల సంగతి నేను చెప్తాను, ఇక్కడ అసోసియేషన్‌లో నీళ్లు చూసుకునే కుర్చీలో కూర్చున్నవాణ్ణి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపలున్నా అంతటా ఒకేలా ఉండదు. కొన్ని కాలనీలకి జలమండలి నీళ్లు మంచిగ వస్తయ్, పక్క కాలనీకి బోర్లే దిక్కు. 2024 ఎండాకాలం మా బోర్లు పడుకున్నయ్, ట్యాంకర్ మీద ట్యాంకర్. ఆ నెల మెయింటెనెన్స్ రసీదు చూసి ఒకాయన నాతోని మాట్లాడుడే బంద్ చేసిండు. నీళ్లు నేనేదో తాగేసినట్టు.

ఇంకోటి. నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ అన్న పథకం పాత జీహెచ్‌ఎంసీ హద్దులకే పెట్టిండ్రు. 2025 డిసెంబర్‌ల పోచారం, ఘట్‌కేసర్‌తో సహా 27 మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీల కలిసినయ్. ఆఫీసు మీద పేరు బోర్డు మారింది. నల్లా మారుతదో లేదో కళ్లతోని చూసినంక నమ్ముత.

మీ బిల్డింగ్ ఇంకా కడుతున్నరు కాబట్టి మీ బిల్డర్‌ను అడిగి లాభం లేదు. పక్కనున్న పాత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడుగు, ఏప్రిల్ మే నెలల రోజుకెన్ని ట్యాంకర్లు దిగుతయని. వాడు అబద్ధం చెప్పడు, వాని నిద్రే పాడయితది.

పాత_ఉప్పల్
ఈ చర్చ మొత్తంల పైసా వసూల్ మాట ఇది.

మియాపూర్_మావ
జీహెచ్‌ఎంసీలో కలిశాక ఆస్తి పన్ను కూడా కలిసొస్తుంది, అది మటుకు కచ్చితంగా ముందే వస్తుంది.

ఈసీఐఎల్_పద్మ
వాసన గురించి ఎవరూ చెప్పలేదే. జవహర్‌నగర్ డంప్‌యార్డు. మేము నాగారంలో ఉండి వచ్చేశాం. వాన పడ్డ సాయంత్రం కిటికీలు తీయలేం. ఇల్లు చూడ్డానికి ఎండలో మధ్యాహ్నం వెళ్తే ఏమీ తెలియదు.

పోచారం_గీత
@ఈసీఐఎల్_పద్మ మా దాకా రాదండీ. నాగారం, రాంపల్లి, దమ్మాయిగూడ వాళ్ల బాధ నిజమే, పోచారం దానికి చాలా ఇవతల. మాకుండేది దోమలు. అది కూడా మెయిన్ రోడ్డుకి అటువైపు, కొర్రెముల, ప్రతాపసింగారం దిక్కు వెళ్లేకొద్దీ ఎక్కువ. మూసీ అక్కడి మీదుగానే పోతుంది, గుర్రపుడెక్క పట్టిన చోట సాయంత్రం నిలబడలేం.

గోదారోడు
నేను హయత్‌నగర్‌లో ఉంటానండి, సంబంధం లేకపోయినా ఓ మాట. మా వాళ్లంతా ఎల్బీనగర్ నుంచి ఇటే ఎందుకు కొన్నారంటే, పండక్కి బండి తీస్తే తిన్నగా విజయవాడ రోడ్డు ఎక్కేయొచ్చని. వరంగల్ వాళ్లు ఉప్పల్ వైపు, నిజామాబాద్ వాళ్లు కొంపల్లి వైపు. ఎవరి ఊరి రోడ్డు పట్టుకుని వాళ్లు ఇల్లు కొంటారు ఈ ఊర్లో. ఈయనది జనగామ, కొనేది వరంగల్ రోడ్డు. ఈయన మనసు ఎప్పుడో అడ్వాన్స్ ఇచ్చేసిందండి, మనం ఊరికే గొంతు చించుకుంటున్నాం.

జనగామ_శ్రీను
@గోదారోడు దొరికిపోయాను. నాన్నకి హార్ట్ మందులు నడుస్తున్నాయి. రాత్రి ఫోనొస్తే హబ్సిగూడ నుంచి బయల్దేరి ఆ ఫ్లైఓవర్ కింద ఇరుక్కోవడం ఒకసారి అనుభవించాను. పోచారం అయితే ఆ ముక్క తప్పుతుంది.

భువనగిరి_బిడ్డ
పెద్దోళ్ల గురించి నేను చెప్త. మా అమ్మను అన్నోజిగూడ తీస్కొచ్చిన. మొదట్ల బెంగ పెట్టుకున్నది. ఇప్పుడు ఘట్‌కేసర్‌ల ప్యాసింజర్ ఎక్కి ఒక్కతే భువనగిరి పోయొస్తది, నన్ను అడుగుడు కూడా లేదు. మీ జనగామ కూడా అదే లైను. బీబీనగర్ ఎయిమ్స్ ఇటు దిక్కే, ఓపీకి పొద్దుగాల్లనే పోవాలె గని చూపిచ్చుకోవచ్చు. ఆర్టీసీ బస్సుల ఆడోళ్లకు ఫ్రీ అయినంక మా అమ్మకు సిటీ మొత్తం చేతిల పెట్టినట్టయింది. నాకంటె ఎక్కువ తిరుగుతది.

రైలుబండి
రైలు మాటొచ్చింది కాబట్టి, 2024 మార్చి నుంచి ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది, మౌలాలి, సనత్‌నగర్ మీదుగా. హైటెక్ సిటీ స్టేషన్లో దిగొచ్చు. టికెట్టు టీ ఖర్చు. చిక్కేంటంటే రోజుకి తిరిగేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మీ ఆఫీసు టైముకి సరిపడే బండి ఉంటే అదృష్టం, లేకపోతే ఆ స్టేషను మీకు బొమ్మే. చర్లపల్లి టెర్మినల్ మాత్రం నిజంగా లాభం. 2025 జనవరిలో కొత్తది తెరిచాక దూరపు బండ్లు చాలా అక్కడి నుంచే. సికింద్రాబాద్ దాకా వెళ్లే బాధ తప్పింది.

రాత్రి_డ్యూటీ
నేను నర్సును. రాత్రి పదింటికి ఉప్పల్లో డ్యూటీ దిగుతాను. మెయిన్ రోడ్డు మీద ఏ గంటకైనా వాహనం ఉంటుంది, వరంగల్ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. భయమంతా మెయిన్ రోడ్డు దిగాకే. మా వెంచర్లో సగం ప్లాట్లు ఖాళీ, లైట్లు వరసగా నాలుగు వెలిగితే ఐదోది వెలగదు, కుక్కల గుంపు ఒకటి. శ్రీను గారూ, మీరు రోడ్డు నుంచి లోపలికి అన్నారు, ఎంత లోపలికి? అది కారులో కాకుండా మీ ఆవిడ రాత్రి ఎనిమిదికి నడిచి చూడాలి. ఆమెకి ఓకే అయితేనే ఓకే.

జనగామ_శ్రీను
మీరంతా చెప్పారని సోమవారం సెలవు పెట్టి వెళ్లాను. పొద్దున పోచారం నుంచి ఉప్పల్‌కి బండి మీద యాభై నిమిషాలు. మేడిపల్లి దగ్గర ఒక లారీ బ్రేక్‌డౌన్, అది లేకపోతే తగ్గేదేమో. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో మాట్లాడాను. ఎండాకాలం రోజూ మూడు ట్యాంకర్లు, రెండేళ్ల కింద ఇంకా ఎక్కువ అన్నాడు. సాయంత్రం మా ఆవిడని తీసుకెళ్లాను. లోపలి రోడ్డు దాదాపు కిలోమీటరు. ఆమె నడిచింది, ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం “నేనొక్కదాన్నే వచ్చే రోజు ఆటో మాట్లాడుకుంటాలే” అంది. అది సరేననడమో, వద్దనడమో నాకు అంతుపట్టలేదు.

రాత్రి_డ్యూటీ
వద్దనడం అండీ అది.

పోచారం_గీత
నేనైతే సరేనన్నట్టే అనుకుంటా. వద్దంటే మా ఇళ్లల్లో వేరే రకంగా తెలుస్తుంది, గిన్నెలు చప్పుడవుతాయి.

నారపల్లి_రవి
లారీ బ్రేక్‌డౌన్ లేని సోమవారం మా రోడ్డు మీద ఉండదు, కాబట్టి యాభై నిమిషాలే సరైన లెక్క. మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ స్టేడియం దగ్గర ఇంకో అధ్యాయం. మేడారం జాతర అప్పుడు ఈ రోడ్డెలా ఉంటుందో జనగామ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మియాపూర్_మావ
ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. అన్నోజిగూడలోనో పోచారంలోనో 15, 16 వేలకి అద్దె ఇల్లు దొరుకుతుంది కదా. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ ఉండి చూడండి. నచ్చితే కొనండి, ఈలోపు పెద్దగా పెరిగిపోయేదేమీ లేదు.

పోచారం_గీత
మావా, మొదటిసారి నీతో ఏకీభవిస్తున్నా. అద్దె ఇళ్లు బోలెడున్నాయి. పెట్టుబడికని కొని ఖాళీగా పెట్టినవి మా బ్లాకులోనే ఉన్నాయి. ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చన్న అనుమతి పత్రం) వచ్చి చేతులు మారే ఫ్లాట్లు కూడా చూడండి శ్రీను గారూ, వాటికి జీఎస్టీ ఉండదు, నీళ్లెలా వస్తాయో, పక్కింటివాళ్లెలా ఉంటారో ముందే తెలుస్తుంది.

వెంచర్_విజయ్
అద్దె అంటే మనీ వేస్ట్ సార్.

లెక్కల_మాష్టారు
@వెంచర్_విజయ్ మొదటి ఏడాది 60 లక్షల మీద వడ్డీయే ఐదు లక్షలు. అది ఏ పద్దులో వేసుకున్నారు?

పాత_ఉప్పల్
విజయ్ అన్న ఆఫ్‌లైన్ అయిండు.

జనగామ_శ్రీను
రెండుసార్లు సామాను మార్చడానికి మా ఆవిడ ససేమిరా అంటోంది, బాబు స్కూలు సంగతొకటి. నాన్న మాత్రం అద్దె ఇంటికైతే రానంటున్నాడు, సొంతిల్లైతేనే వస్తాడట. ఇప్పటికి బుకింగ్ ఆపాను. గీతగారు చెప్పినట్టు ఓసీ ఉన్న పాత ఫ్లాట్లు, మెయిన్ రోడ్డుకి దగ్గరగా, చూడ్డం మొదలుపెట్టాం. ఒకటి దొరికింది, కానీ రెండో అంతస్తు, లిఫ్టు చిన్నది, 1,200 అడుగులు. నాన్నకి గది సరిపోతుందా లేదా అని టేపు పట్టుకుని వెళ్తున్నాం ఈ శనివారం.

కోర్టు_పక్షి
టేపుతో పాటు పాత ఓనరు లోను క్లియరెన్స్ లెటర్, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న నో డ్యూ కాగితం కూడా అడగండి. యూడీఎస్ (నేలలో మీ వాటా) ఎన్ని గజాలు రాసిచ్చారో డాక్యుమెంట్లో చూడండి.

కొత్త_సభ్యుడు
ఇదే లైన్లో నాది చిన్న డౌటు. కొర్రెములలో 150 గజాల ప్లాటు, గ్రామ పంచాయతీ లేఅవుట్, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌ని క్రమబద్ధం చేసే పథకం) కట్టామంటున్నారు. ధర చాలా తక్కువ. తీసుకోవచ్చా?

కోర్టు_పక్షి
ఎల్‌ఆర్‌ఎస్ “కట్టాం” వేరు, ప్రొసీడింగ్స్, అంటే క్రమబద్ధం చేసినట్టు ఉత్తర్వు, రావడం వేరు. అప్లికేషన్ రసీదు చూపిస్తే ఒప్పుకోకండి. మూసీకి ఎంత దూరం?

కొత్త_సభ్యుడు
ప్లాటు నుంచి కనపడుతుంది.

బోరుబావి
దోమలతోని మాట్లాడుకో తమ్మీ, ధర ఎందుకు తక్కువో అవ్వే చెప్తయ్.